మా పెద్దమ్మ వినియోగదారు కాదట

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా పెద్దమ్మ చనిపోయింది. ఆసుపత్రి నుంచి పెదనాన్న ఫోన్ చేసి "మీ పెద్దమ్మ ఇంక నేదే" అన్నాడు. అంతే, పెట్టేశాడు. నేను స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఆటో పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ మొహం మీద దుప్పటి కప్పేశారు. నర్సు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా చేతికిచ్చింది. కళ్ళజోడు, చెప్పులు, ఫోను. ఆ సంచి నా చేతిలో ఉండగానే ఫోను టింగుమంది. "డియర్ కస్టమర్, ఈ నెల మీ వాయిదా గడువు దగ్గర పడింది" అని మెసేజి.

డియర్ కస్టమర్! ఆ మెసేజి పంపిన ఫైనాన్స్ కంపెనీయే దుర్గ్‌లో వినియోగదారుల కోర్టు ముందు వకీలుని నిలబెట్టి, ఈవిడ చట్టం ప్రకారం వినియోగదారే కాదు, ఈవిడ మాట ఇక్కడ వినకూడదు అని వాదించింది. వినకూడదన్నవాళ్ళకి వాయిదా అడగడానికి మాత్రం ఆవిడ ప్రియమైన కస్టమరు. ఆ శవం పక్కన నిలబడి నేను ఏడవలేదు. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. ఆవిడ ఫోను కదా అని ఊరుకున్నాను.

మన తెలుగు సంఘం పత్రికకి ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని పెద్దలు అడిగారు. మంచి మాటలకేం, ఆవిడ గురించి నాలుగు కాదు, నలభై రాస్తాను. కానీ కోపం తీసేసి రాయమంటే నా వల్ల కాదు. కోపం తీసేస్తే ఆవిడ గురించి అబద్ధం రాసినట్టే అవుతుంది.

మీలో చాలామందికి ఆవిడ "గ్లౌజుల ఆంటీ"గా తెలుసు. సెక్టర్ నాలుగులో క్వార్టరు వెనక వరండాలో కుట్టు మిషను పెట్టుకుని, భిలాయి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కూలీలు వేసుకునే చేతి గ్లౌజులు కుట్టేది. ముప్పై ఏళ్ళకి పైగా కుట్టింది. మందపాటి గుడ్డని అరచెయ్యి, వెనక చెయ్యి, బొటనవేలు అని ముక్కలుగా కత్తిరించి, లోపలి వైపు పైకి ఉండేలా కుట్టి, కర్రపుల్లతో ఒక్కో వేలునీ పొడిచి తిరగెయ్యాలి. డజను లెక్కన కట్టలు కట్టి ఠేకేదార్లకి, అంటే ఆ కూలీల కాంట్రాక్టర్లకి, ఇచ్చేది. ప్రతి గ్లౌజులోనూ తన చెయ్యి దూర్చి, పిడికిలి బిగించి, విప్పి, అప్పుడు గానీ కట్టలో పెట్టేది కాదు. "కొలిమి కాడ ఈ కుట్టు ఊడిందంటే ఎవుడి సెయ్యో కాలిపోద్ది. ఆడికి మళ్ళీ సెయ్యి మొలుత్తాదేటి?" అనేది.

మనిషి ఎవరొచ్చినా ముందు మొహం కాదు, చేతులు చూసేది. నేను ఉద్యోగంలో చేరిన రోజు మిఠాయి పట్టుకుని వెళితే, నా అరచేతులు రెండూ తిప్పి చూసి, "సుద్దముక్క తప్ప ఏటీ అంటదు, మంచిదే" అని నవ్వింది. ఆ నవ్వు కోసం నేను అప్పుడప్పుడూ బడి నుంచి ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. మా అమ్మకంటే ఆవిడ జడ గట్టిగా వేసేది. చదువుకునే రోజుల్లో పొద్దున్నే జడ కోసం వెళ్ళి, ఆ వరండాలో నేను చూసిందే ఇప్పుడు మీకు చెప్పాలి. మొత్తం గొడవంతా అక్కడే మొదలైంది.

శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి దుర్గ్‌లో దిగేవాళ్ళలో సగం మంది మా పెద్దమ్మ చిరునామాతోనే దిగేవాళ్ళని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ప్లాంటులో ఏదో ఒక పని దొరక్కపోతుందా అని వచ్చేవాళ్ళు. గేట్ పాస్ దొరికేదాకా నెలలు పట్టేది. అప్పటిదాకా తిండీ, పడకా పెద్దమ్మ ఇంట్లో. చుట్టాలు కొందరు, చుట్టాల ఊరివాళ్ళు కొందరు, ఏమీ కానివాళ్ళు కొందరు. ఇది ఆవిడొక్కతే చేసిన ఘనకార్యం కాదు. భిలాయిలో మన ప్రతి ఇంట్లోనూ ఇలా వచ్చి పడినవాళ్ళు ఉండేవాళ్ళు. మీ నాన్నలూ తాతలూ కూడా ఎవరో ఒకరి వరండాలో పడుకునే ఉంటారు. కాకపోతే మిగతావాళ్ళు పెట్టిన తిండిని గుర్తు చేసుకునేవాళ్ళు, పండక్కో పబ్బానికో గుర్తు చేసేవాళ్ళు కూడా. మా పెద్దమ్మ మాత్రం అది తిండి పెట్టడం అని ఒప్పుకునేదే కాదు.

టెక్కలి దగ్గర పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. ఇప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతున్నాడు, మా పిల్లలందరికీ క్రేన్ బాబాయి. వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం అందరూ కంచాల దగ్గర కూర్చుంటే ఆయన మెట్టు మీద కూర్చుని "ఆకలి నేదొదినా" అన్నాడు. నిన్న కూడా అదే అన్నాడు. పెద్దమ్మ గ్లౌజుల గుట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఆకలి ఉన్నాదా నేదా అని ఎవులడిగినారు నిన్ను? ఇయి తిరగెయ్యి. పన్లోకొచ్చినోడికి కూడెట్టకపోతే నన్ను నలుగురూ ఏటంటారు?"

ఆయన తిరగేశాడు. తిరగేసి, ఏదో కూలి చేసినవాడిలా దర్జాగా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్న నేను జడ కోసం వెళ్ళేసరికి, ఆయన బొటనవేళ్ళ దగ్గర కుట్లు పుటుక్కున తెంపేసిన గ్లౌజులన్నీ ఆవిడ ఒక్కొక్కటే మళ్ళీ కుడుతోంది. మిషను చప్పుడికి వాళ్ళు లేస్తారేమోనని చేత్తోనే కుడుతోంది. ఎందుకు పెద్దమ్మా, వాళ్ళకి చేతకాదని చెప్పెయ్యొచ్చుగా అన్నాను. ఆ మాటకి నా జడ ఒక్క గుంజు గుంజింది.

"ఉట్టినే తింతన్నానని ఒకడికి అనిపించినాదంటే, ఒలే గుంటా, ఆ కూడు ఆడి ఒంటికి పట్టదే."

వాళ్ళందరినీ ఆవిడ "మా పనోళ్ళు" అనేది. మార్కెట్లో ఎవరైనా అడిగితే, "మా కారీగర్లు భయ్యా" అనేది. వాళ్ళ ఊళ్ళకి ఫోన్ చేయించి, "మీవోడు నాకాడ పని సేత్తన్నాడు, బాగ సేత్తన్నాడు" అని తల్లులకి చెప్పేది. బాగా చేయడమా నా మొహమా! వాళ్ళు పాడు చేసిన గుడ్డతో ఇంకో దుకాణం పెట్టొచ్చు. నెలకోసారి జేబు ఖర్చుకని చేతిలో ఏదో పెట్టి, దాన్ని జీతం అనేది. ఏళ్ళ తరబడి అలా అనీ అనీ, చివరికి ఆవిడకి అది అబద్ధమని కూడా గుర్తుందో లేదో నాకు తెలియదు.

పెదనాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, వచ్చిన డబ్బుతో రిసాలిలో చిన్న ఇల్లు కొన్నారు. ఇల్లు పెద్దమ్మ పేరు మీద. ముందు గది మిషన్లకి, వెనక గది బతకడానికి, మధ్యలో ఒక కర్టెన్. ఠేకేదార్లు గుడ్డ గ్లౌజులు చాలు, ఇక తోలువి కావాలన్నారు. తోలు కుట్టాలంటే బరువైన మిషన్లు కావాలి. అప్పుడే ఒక ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు ఇంటికే వచ్చాడు, టీ తాగాడు, ఇంటి కాగితాలు పెడితే చాలు, అప్పు ఇట్టే వస్తుందన్నాడు. ఎంతమంది పని చేస్తారు ఆంటీజీ అని అడిగాడు. అప్పుడు భోజనాల వేళ. వెనక గదిలో ఎనిమిది మంది తింటున్నారు, ఆ రోజు చూసిపోదామని వచ్చిన క్రేన్ బాబాయితో సహా. మా పెద్దమ్మ కర్టెన్ పక్కకి లాగి, గర్వంగా చూపించింది. "అందరూ మా పనోళ్ళే" అంది. అతను ఎనిమిది అని రాసుకున్నాడు.

ఒక్క వాయిదా కూడా తప్పలేదు. మీరు ఎవరినైనా అడగండి, ఆవిడ వాయిదా రోజున పెదనాన్న టీ లోకి పాలు కూడా తర్వాతే కొనేది. కొన్నేళ్ళు గడిచాక ఊళ్ళో తన వాటాకొచ్చిన పొలం అమ్మింది. ఆ డబ్బుతో అప్పు మొత్తం ఒకేసారి తీర్చేసి, ఇంటి కాగితాలు ఇంటికి తెచ్చుకోవాలని ఆవిడ ఆశ. ఇంకే ఆశా లేదు. తీర్థయాత్రలు అడగలేదు, నగలు అడగలేదు. ఆ కాగితాలు బీరువాలో పెట్టుకోవాలి, అంతే. నన్ను తోడు రమ్మని కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ చూసి, ముందుగా తీరిస్తే అదనంగా అపరాధ రుసుము కట్టాలన్నాడు. చిన్న మొత్తం కాదు, ఎకరాలు అమ్మిన డబ్బులో కన్నం పెట్టేంత. అప్పు తీర్చడం అపరాధం ఎప్పుడైందని నేను అడిగాను. అతను నా వైపు చూడకుండా ఆవిడకే చెప్పాడు: "ఆంటీజీ, హోమ్ లోన్ హోతా తో కుచ్ నహీ లగ్తా. యే బిజినెస్ లోన్ హై."

ఇల్లు కొనడానికి అప్పు చేసి ఉంటే ఏమీ కట్టక్కర్లేదట. వ్యాపారానికి చేసింది కాబట్టి కట్టాలట.

"ఘర్ హీ తో రఖా హై, బేటా" అంది పెద్దమ్మ. ఇల్లే కదా నాయనా నేను తాకట్టు పెట్టింది అని. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "నాను ఇల్లు ఎట్టినాను. ఈడు మరేటి ఎట్టినాననుకుంతన్నాడు?" అంది. నిజంగానే అర్థం కాక అడిగింది. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ రుసుము కట్టనంది. ఎవరెంత చెప్పినా వాయిదాలు మాత్రం మానలేదు. దుర్గ్‌లో ఒక పెద్ద వయసు వకీలు దగ్గరికి వెళ్ళాం, ఛత్తీస్‌గఢ్ మనిషి, ఆవిడని దీదీ అనేవాడు. ఆయన ఓపిగ్గా చెప్పింది మీరూ వినండి, ఎందుకంటే మనలో చిన్న దుకాణాలున్నవాళ్ళు చాలామంది. లాభం కోసం చేసే వ్యాపారానికి సేవ తీసుకున్నవాడు వినియోగదారు కాడు, వాడి ఫిర్యాదు వినియోగదారుల కోర్టులో చెల్లదు. కానీ చట్టం ఒక తలుపు తీసి ఉంచింది. సొంతంగా, తన చేతులతో, తన పొట్ట పోసుకోవడానికి చేసుకునే పని అయితే ఆ మనిషి వినియోగదారే. "దీదీ, మిషన్ మీద కూర్చునేది మీరు. బతికేది మీరు. ఆ ఒక్క మాటా చెప్పండి, చాలు" అన్నాడు. ఆవిడ తలూపింది. దారిలో ఆటోలో నాకు రెండుసార్లు అప్పజెప్పింది కూడా.

విచారణ రోజు ఆవిడకి అండగా ఉంటామని ఆ ఎనిమిది మందిలో అయిదారుగురు ఆ రోజు హాజరీ, కూలి పోగొట్టుకుని మరీ వచ్చారు. క్రేన్ బాబాయి భార్యని కూడా తీసుకొచ్చాడు. మా వెనక బెంచీల మీద కూర్చున్నారు. కంపెనీ వకీలు లేచి, ఈవిడ దగ్గర ఎనిమిది మంది జీతగాళ్ళున్నారు, ఇది పొట్టకూటి పని కాదు, ఇది కర్మాగారం అన్నాడు. కర్మాగారం! కర్టెన్‌కి ఇవతల అన్నం ఉడికే కర్మాగారం. మా వకీలు, వాళ్ళు చుట్టాలు, పని కోసం ఊరి నుంచి వచ్చి ఆమె ఇంట్లో తిని ఉన్నవాళ్ళు, జీతగాళ్ళు కారు అన్నాడు. అప్పుడు పైన కూర్చున్న కోర్టు సభ్యురాలు, చాలా మర్యాదగానే, మీరే చెప్పండమ్మా, వాళ్ళు మీ దగ్గర పని చేశారా, ఊరికే తిని ఉన్నారా అని హిందీలో అడిగింది.

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళు తల వంచుకుని కూర్చున్నారు. క్రేన్ బాబాయి భార్య మాత్రం తల ఎత్తి చూస్తోంది. తన మొగుడు భిలాయి వచ్చింది మొదలు చేతిపని మీదే బతికాడని ఆ ఇల్లాలికి ఇన్నేళ్ళూ తెలుసు. అలా తెలిసేలా చేసింది మా పెద్దమ్మే.

"కామ్ కర్తే థే, సాబ్" అంది. "సబ్ అచ్ఛే కారీగర్ థే. మైనే తన్‌ఖా దియా."

పని చేశారు, అందరూ మంచి పనివాళ్ళు, జీతం ఇచ్చాను అని. మా వకీలు ఫైలు మూసేసి కూర్చున్నాడు.

బయటికి వచ్చాక నేను రోడ్డు మీదే అరిచాను. ఆవిడ మీద నేను జీవితంలో అరిచింది అదే.

"ఎందుకలా చెప్పావ్? అన్నీ తెలిసి ఎందుకు చెప్పావ్? ఇంటి కాగితాలు ఇంక రావు పెద్దమ్మా!"

"ఆళ్ళు ఎనకాల కూకున్నారు గదే."

"కూర్చుంటే? వాళ్ళు తిన్నది అబద్ధమా?"

"అరవకే, ఇంటారు. కాయితాలు ఇయాల కాకపోతే రేపు తెచ్చుకుంతాం. పెళ్ళాం ముందల పోయిన మొకం నువ్వు తెచ్చిపెడతావేటి ఆడికి? సెప్పు, తెత్తావా?"

అని, చెరుకు రసం బండి దగ్గరికి వెళ్ళి, వెనక వస్తున్న వాళ్ళందరికీ తలో గ్లాసు చెప్పింది. వాళ్ళు తాగారు! నా ఒళ్ళు మండిపోయింది. ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి, లేచి నిలబడి "అమ్మా, మేం తిన్నాం, మాకు పని రాదు" అనే నోరు రాలేదా? వాళ్ళకి హిందీ రాదా, అడిగింది అర్థం కాలేదా? ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళతో గంటసేపు వాదించే మగాళ్ళు వీళ్ళు. ఆవిడ అబద్ధం వాళ్ళకి అంత హాయిగా అలవాటైపోయింది. ఆ రోజు నుంచి చాలాకాలం క్రేన్ బాబాయి ఎదురుపడితే నేను మొహం తిప్పుకున్నాను.

తర్వాత ఆర్డరు వచ్చింది. జీతగాళ్ళని పెట్టి లాభానికి నడిపినట్టు ఆవిడే ఒప్పుకుంది గనక ఆవిడ వినియోగదారు కాదు, కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళవచ్చు. చెప్పిన మాటని బట్టి రాశారు, దాంట్లో నేను తప్పు పట్టలేను. తప్పు పట్టడానికి మనిషి దొరకనప్పుడు వచ్చే కోపం ఎంత పాడుదో మీకు తెలుసా? నిద్ర పట్టనివ్వదు.

నాకు చట్టం మీద కోపం. ఇంటికోసం అప్పు చేసినవాడు అమాయకుడు, వాణ్ణి కాపాడాలి. అదే ఇంటిని తాకట్టు పెట్టి కుట్టు మిషను కొన్న ఆడమనిషి వ్యాపారవేత్త, ఆవిడకి అన్నీ తెలుసు, ఆవిడ తన సంగతి తను చూసుకుంటుంది! ఏం తెలుసు? సంతకం పెట్టిన కాగితాల్లో అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, అవీ ఇంగ్లీషులో. పెద్ద పెద్ద కంపెనీలకి వకీళ్ళ దండు ఉంటుంది. ఆవిడకి ఉన్న దండు వెనక బెంచీ మీద నోరు మూసుకుని కూర్చుంది. మరి ఇల్లు పోతే ఏం పోతుంది, వ్యాపారం పోతుందా? ఆ ఇద్దరు ముసలివాళ్ళు పడుకునే మంచం పోతుంది. ఇల్లొకటే ఉంది. దాన్ని ముందు గది నుంచి చూస్తే దుకాణం, వెనక గది నుంచి చూస్తే కొంప. చట్టం ముందు గదిలోనే నిలబడి చూసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నియమాలు మార్చారట. చిన్న చిన్న వ్యాపారాలవాళ్ళు ముందుగా అప్పు తీర్చినా రుసుము ఉండదట. చాలా సంతోషం. కానీ కొత్త అప్పులకేనట, పాతవాటికి కాదట. మా పెద్దమ్మ చేసిన నేరం తొందరపడి అప్పు చేయడం.

వకీలు మంచివాడు, వదలలేదు. పై కోర్టుకి, అంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కి, రాయపూర్‌లో అప్పీలు వేశాడు. అయితే ఆ ఎనిమిది మందీ జీతగాళ్ళు కారని వాళ్ళే ప్రమాణపత్రాలు రాసిస్తే తప్ప గట్టిగా నిలబడదన్నాడు. నేను ఆ మాట ఇంటికొచ్చి చెప్పగానే ఆవిడ మిషను ఆపేసింది.

"ఆళ్ళకాడికెల్లి అడిగినావంటే నా మీద ఒట్టే."

"నీకు ఇల్లు కావాలా, వాళ్ళ పరువు కావాలా?"

"రెండూ కావాల" అంది. మళ్ళీ మిషను తొక్కింది.

చూశారా ఆవిడ మొండితనం? ఇలాంటి మనిషి గురించి "సౌమ్యురాలు" అని రాయమంటారు మీరు. ఆవిడ ససేమిరా సౌమ్యురాలు కాదు. కూరలో ఉప్పు తక్కువైందంటే గరిటె విసిరేది. పెదనాన్న సిగరెట్లు మానేదాకా మంచినీళ్ళు ముట్టనని రెండు రోజులు కూర్చుంది. తోలు ఇచ్చే వ్యాపారి పుచ్చు తోలు కలిపాడని దుర్గ్ బజారులో వాడి దుకాణం ముందే తోలు పరిచి, వచ్చినవాళ్ళందరినీ పిలిచి చూపించింది. అంత నోరున్న మనిషి, తన ఇల్లు తన చేతికి తెచ్చిపెట్టే ఒక్క మాట దగ్గర నోరు కట్టేసుకుంది. దాన్ని మంచితనం అని దండ వేసి వదిలెయ్యడం నాకిష్టం లేదు. నాకు ఆవిడ మీద కూడా కోపమే. అన్నం పెట్టినవాళ్ళకి, పెట్టామని చెప్పుకునే హక్కు కూడా ఉంటుంది. ఆవిడ ఆ హక్కు కూడా వడ్డించేసింది.

చివరి నెలల్లో ఆయాసం ఎక్కువై మిషను తొక్కలేకపోయింది. ఆసుపత్రి మంచం మీద కూడా పక్క మంచాల వాళ్ళ చేతులు చూసి, ఈయన ప్లాంటులో ఏ షాపులో, ఏ విభాగంలో పని చేశాడో అని నాతో గుసగుసలాడేది. నేను వెళ్ళినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే. "కాయితాలొచ్చినాయేటే?" వస్తాయి పెద్దమ్మా అనేదాన్ని. "వొత్తాయిలే. ఆళ్ళేటి సేసుకుంతారు నా ఇల్లు" అనేది. సోమవారం సాయంత్రం కూడా అడిగింది. అదే నాతో ఆవిడ అన్న ఆఖరి మాట. కాగితాలు రాలేదు. ఆవిడ ఇంటి కాగితాలు ఇంకెవరి బీరువాలోనో ఉండగా ఆవిడ వెళ్ళిపోయింది. దీన్ని నేను క్షమించను. ఎవర్ని అని అడగకండి, కానీ క్షమించను.

పెద్దకర్మ అయిన మూడో రోజు వకీలు నాకు ఫోన్ చేశాడు. అప్పీల్లో ఇక పెదనాన్న పేరు ఎక్కించాలి, ఆయన్ని తీసుకుని దుర్గ్ రమ్మన్నాడు. వెళ్ళాం. కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద టైపిస్టులు కూర్చుంటారు. అక్కడ వరస కట్టి మనుషులు నిలబడి ఉన్నారు. ముందు క్రేన్ బాబాయి. ఆయన వెనక మిగతావాళ్ళు, ఎప్పుడో రాజ్‌నంద్‌గావ్ వెళ్ళిపోయిన ఒకాయన కూడా వచ్చాడు. మెళ్ళో గేట్ పాసులు వేలాడుతున్నాయి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. నేను వాళ్ళని పిలవలేదు. ఒట్టు దాటలేదు. వకీలు కూడా పిలవలేదట. పొద్దున్నే వాళ్ళే వచ్చి, ఏం రాసివ్వాలో చెప్పండి అన్నారట.

క్రేన్ బాబాయి నన్ను చూసి, "ఒదినున్నంతకాలం మమ్మల్ని రానిచ్చీది కాదమ్మీ" అన్నాడు. అప్పుడే రావాల్సింది అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పక్కనే ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడని ఇంటి దగ్గర వదిలి రావచ్చు కదా. తీసుకునే వచ్చాడు.

టైపిస్టు తల ఎత్తకుండా పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు. తర్వాత, "వహా క్యా కామ్ కర్తే థే?" అన్నాడు. అక్కడ ఏం పని చేసేవాడివి?

"ఖానా ఖాతే థే, సాబ్."

అన్నం తినేవాణ్ణి అని. టైపిస్టు ఇదేదో పరాచికం అనుకుని నవ్వి తలెత్తాడు. ఎవరూ నవ్వకపోయేసరికి చేతులు ఆపేశాడు.

"లిఖియే" అన్నాడు బాబాయి, ఈసారి ఇంకా గట్టిగా, షెడ్డు అవతల ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూసేటంత గట్టిగా. "కామ్ నహీ ఆతా థా. రోజ్ ఖాతే థే. ఏక్ సాల్ ఖాయా." రాయండి, పని వచ్చేది కాదు, రోజూ తిన్నాను, ఏడాది తిన్నాను. వెనక ఉన్నాయన, "నానైతే రెండేళ్ళు" అన్నాడు. ఇంకొకాయన తన లెక్క చెప్పడానికి నోరు తెరిచాడు.

పెదనాన్న అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నవాడు, కంగారుగా లేచి వచ్చి, క్రేన్ బాబాయి భుజం పట్టుకున్నాడు.

"మెల్లగ సెప్పండర్రా" అన్నాడు. "మీ ఒదిన ఇంటాది."

క్రేన్ బాబాయి ఆయన్ని ఒకసారి చూశాడు. తర్వాత బల్ల మీదికి బాగా వంగి, టైపిస్టు చెవి దగ్గర నోరు పెట్టి, మిగతాది చెప్పాడు.